ఉపనిధి ధర్మము

మనువు వ్యవహారపదములను, అనగా వ్యాజ్యెములకు మూలమైన విషయములను, 18గా ఎన్నినప్పుడు ఋణాదానమును మొదట నిలిపి, ఆ వెంటనే రెండవదిగా నిక్షేపమును చెప్పెను. నమ్మి దాచుమని ఇచ్చిన సొమ్మును దిగమ్రింగినవాడు అప్పు ఎగవేసినవానికి ఏమాత్రమును తీసిపోడని ఆ క్రమమే చెప్పుచున్నట్లుండును. ఇట్లు దాచుమని ఇచ్చిన ఇల్లడలో మరల రెండు తెరగులు గలవు. లెక్కించి, చూపి, ఎదుటివాని చేతిలో పెట్టునది నిక్షేపము. పెట్టెలోనో మూటలోనో ఉంచి, లోన నేమున్నదో చెప్పక, ముద్రవేసి ఒప్పగించునది ఉపనిధి. ముద్రతో పుచ్చుకొన్నదానిని ముద్రతోనే తిరిగి ఈయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు చాళుక్యుల కల్యాణపురమున మితాక్షర యను వ్యాఖ్యను రచింపగా, తిక్కనకు దశకుమారచరిత్రమును అంకిత మొసగిన కేతన దానిని 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించెను. కావున ఈ న్యాయవిచారము మన భాషకు కొత్తది కాదు.

నేడు మన ఇల్లడలు పెట్టెలలో లేవు. విజయవాడలో చీరల దుకాణము నడపువాడు తన జీయస్టీ లెక్కలను, అరువుఖాతాలను నెలకింత యని చందా కట్టి ఒక ఆన్‌లైన్ సాఫ్ట్‌వేరు సేవకు అప్పగించును. గుంటూరులోని తల్లి డల్లాసులోని కూతురికి పంపిన రక్తపరీక్షల కాగితములును, స్థలము దస్తావేజుల ఫోటోలును, వారి నడుమ నడచిన కోపములును, క్షమాపణలును ఆ ఇరువురిలో ఎవరును ఎన్నడును చూడబోని యేదో యంత్రశాలలో పడియుండును. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, తగిన భద్రత చూపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునన్నది. మంచిదే. కాని ఆ పెద్ద జరిమానా తలుపునకు గడియ వేయనందుకు. ధర్మజిజ్ఞాస చేయువాడు విచారింపవలసినది గడియకు లోపల కూర్చున్న కావలివాని కన్ను సంగతి.

బంగారమునకును రహస్యమునకును గల భేదమును విచారింపవలసిన అవసరము పూర్వులకు అంతగా కలుగలేదు. దాచుమని ఇచ్చిన కాసులపేరును కావలివాడు దినమునకు పదిసార్లు తీసి చూచినను అది అరగదు, తరుగదు. మెడలో వేసికొని పెండ్లికి పోయిననే అది భోగము. అప్పుడు కౌటిల్యుడు వానిచే భోగవేతనమును కట్టించి, 12 పణముల దండన వేయించును. ఉత్తరము అట్టిది కాదు. పరుల ఉత్తరమును చదువుటకంటె దానిని అనుభవించుటకు వేరొక మార్గము లేదు. ముండకోపనిషత్తు ఒకే చెట్టుపై రెండు పక్షులను చూపి, ఒకటి పండు తినుచుండగా రెండవది తినక చూచుచుండునని చెప్పినది. పండు విషయమున ఆ విభాగము చెల్లును. చూపే ఆహారమైనచోట సాక్షికిని భోక్తకును నడుమనున్న గీత చెరిగిపోవును. పైగా ఎంత భుజించినను పండు చెట్టుననే చెక్కుచెదరక యుండును గనుక, తినినట్లు చెట్టుగలవానికి తెలియనే తెలియదు. వస్తువు స్థానభ్రంశమే చౌర్యమునకు లక్షణమని తలచు న్యాయమంతయు ఇచట తడబడును. సొమ్ము ఉన్నచోటనే యున్నది; పోనూ పోయినది.

కన్ను మూసికొని కాపలా కాయుట సాధ్యమా యని ఎవరైన అడిగినచో, మనము ప్రతిదినము చేయు అల్పమైన పని యొకటి ఉదాహరణముగా చాలును: పాస్‌వర్డు కొట్టుట. సరిగా కట్టిన సేవలో ఆ మాట ఎచటను వ్రాసి యుండదు. మనము దానిని ఏర్పరచుకొన్న క్షణముననే, సాల్ట్ అను పేర యాదృచ్ఛికముగా పుట్టించిన కొన్ని అక్షరములను దానికి చేర్చి, బీక్రిప్ట్ వంటి గణనవిధానముతో వేలసార్లు నలిపి, ఆ పిప్పిని మాత్రము పట్టికలో ఉంచుదురు. చెరకుపిప్పినుండి రసమును మరల పుట్టింపరానట్లు దానినుండి మొదటి మాటను రాబట్టరాదు. మరునాడు మనము వచ్చి మాట చెప్పగానే దానిని అదే సాల్టుతో అట్లే నలిపి, రెండును సరిపోయినవా యని చూచి తలుపు తీయుదురు. 1999లో వెలువడిన ఆ బీక్రిప్టును దాని కర్తలు కావలెననియే మందగమనముగా నిర్మించిరి. ఒక్కొక్క ఊహకు కొంత కాలము పట్టిననే గదా, పట్టికను ఎత్తుకొనిపోయినవాడు కోట్లకొలది ఊహలను ఒక్క రాత్రిలో పరీక్షింపలేకుండుట.

నైయాయికులు దీనిని చూచినచో ముచ్చటపడి యుందురు. మునుపు చూచిన దేవదత్తుడే వీడని గుర్తించుట ప్రత్యభిజ్ఞ. పూర్వానుభవము విడిచిపోయిన సంస్కారము దానికి తోడ్పడును. ఆ సంస్కారమే ఒంటరిగా మేల్కొన్నప్పుడు స్మృతి కలుగును. ఈ పట్టికలో నున్నదియు ఒక సంస్కారమే గాని, దానినుండి ప్రత్యభిజ్ఞయే పుట్టును, స్మృతి ఎన్నటికిని పుట్టదు. వచ్చినవాడు వాడే యని ఎరుగును. వాని గుట్టును ఎరుగదు. పాస్‌వర్డు మరచితినని చెప్పగానే పాత మాటనే అక్షరము పొల్లుపోక మనకు పంపు సేవ ఎదురైనచో, అది మన మాటను విప్పిచూడదగిన రూపముననే దాచుకొన్నదని గ్రహించి అచటినుండి లేచి రావలెను.

దాచిన పత్రముల సంగతి ఇంత సుళువు కాదు. దారిలో టీఎల్‌ఎస్, నిలువలో ఏఈఎస్ అను గూఢలేఖనములను వాడుచున్నామని నేడు దాదాపు ప్రతి సేవయు చెప్పుకొనును, చాలవరకు వాడునుగూడ. తేలవలసినది తాళపుచెవి ఎవరియొద్ద నున్నదనుటయే. పెక్కుచోట్ల అది సంస్థయొద్దనే యుండును: పత్రములకు వేరువేరు చెవులు, ఆ చెవులను మరల గూఢపరచు మూలపుచెవి యొకటి, ఆ మూలమును వెలికి తీయరాకుండ దాచు ప్రత్యేకయంత్రము. దొంగకు ఇది గట్టి అడ్డు. యజమాని తలచుకొన్నచో అడ్డేమియు కాదు. కొన్ని సేవలలో మాత్రము చెవి వినియోగదారుని ఫోనులోనే పుట్టి అచటనే యుండును.

ఈ రెండింటి అంతరము అమెరికాలో రెండు వ్యవహారములవలన బయటపడెను. లాడార్ లెవిసన్ అనునతడు టెక్సాసులో 2004 నుండి లావబిట్ అను ఇమెయిలు సేవను నడపుచుండెను. 2013 వేసవిలో ప్రభుత్వము, తన నిఘా రహస్యములను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ యొక్క ఒక్క ఖాతాకై, ఆ సేవ యావత్తునకు మూలమైన చెవినే అడిగెను. దానితో నాలుగు లక్షలమంది రాకపోకలు తెరుచుకొనును. లెవిసన్ ఆ చెవిని 11 పుటలలో, కంటికి ఆనని 4 పాయింట్ల అక్షరములతో కాగితముపై ముద్రించి ఇచ్చెను. న్యాయస్థానము ఆ చమత్కారమును మెచ్చక, కంప్యూటరు చదువదగిన రూపమున ఇచ్చువరకు దినమునకు 5,000 డాలర్ల దండుగ వేసెను. తుదకు అతడు చెవిని ఇచ్చి, ఆగస్టు 8న సేవనే మూసివేసెను. 2016లో, చెవిని వినియోగదారుని ఫోనులోనే ఉంచు సందేశసేవయైన సిగ్నల్‌ను నడపువారికి వర్జీనియాలోని ఫెడరల్ గ్రాండ్ జ్యూరీనుండి రెండు ఫోను నంబర్లనుగూర్చి తాఖీదు వచ్చెను. ఒక నంబరునకు తమయొద్ద ఖాతాయే లేదనియు, రెండవదానికి ఖాతా తెరచిన సమయమును, కడపటిసారి సర్వరును కలిసిన దినమును తప్ప మరేమియు లేవనియు చెప్పి, వారు ఆ రెంటిని ఇచ్చివేసిరి. మొదటివాడు వీరుడు కావలసి వచ్చెను; రెండవవారికి వీరత్వముతో పనియే పడలేదు.

అయితే చూడజాలనివాడు చూడకుండుట ధర్మ మెట్లగును? పరుల సొమ్మును అందుకొనగలిగియు అందుకొననివానికి అస్తేయము చెల్లును గాని, చేయి చాపుటకే వీలులేనివానికి ఆ యశస్సు ఏల? ఈ పూర్వపక్షము వినసొంపుగా నున్నది. కాని శక్తి లేమికిని శక్తిని త్యజించుటకును గల దూరమును అది గుర్తింపలేదు. ఆ సేవను కట్టినవారు చూడగల యంత్రమునే కట్టియుండవచ్చును; అట్లు కట్టుట సులభము, లాభకరము. చూడజాలని యంత్రమును కట్టెదమని సంకల్పించిన నాడే వారి ధర్మము ఆచరణమునకు వచ్చినది. తమ రేపటి బలహీనతను, తమ వెనుక రాబోవు యజమాని ఆశను వారు ముందే లెక్కలోనికి తీసికొనిరి. వ్రతమనగా నిదియే గదా. కంపెనీలు అమ్ముడుపోవును, అమ్మినవాని సద్గుణము కొన్నవానికి సంక్రమింపదు, కట్టడము సంక్రమించును.

ఇంతకంటె బరువైన ఆక్షేపము గాంధారివలన వచ్చును. ఆమెయు కోరియే కన్నులకు గంత కట్టుకొన్నది. లోకము ఆమెను మహాపతివ్రత యన్నది. కొడుకులు మాత్రము ఆమె కన్నుల ఎదుటనే పాడైరి. చూడని సేవలో పసిపిల్లలను హింసించు చిత్రములు చేతులు మారినచో ఏమనవలెను? గాంధారి తల్లి గనుక చూచుట ఆమె విధి, ఇల్లడ పుచ్చుకొన్నవాడు ఎవరికిని తల్లి కాడు అని నేను సమాధానము చెప్పుదును. ఆ సమాధానమునందు నాకు నమ్మకమును గలదు. కాని హింసకు గురియైన బాలునికి అది ఏ ఊరటయు కాదు. ఎవరైన ఫిర్యాదు చేసి చూపినదానిని చూచుట, ఆ ఖాతాను మూయుట చూడనివానికిని సాధ్యములే. అంతకు మించినచోట జరుగు నష్టము నష్టమే. దానిని సున్నా యని వ్రాయు లెక్క దొంగలెక్క.

అన్ని సేవలును గంత కట్టుకొనలేవు. చీరల దుకాణదారుని అమ్మకపుపన్ను కూడిపెట్టవలెనన్న అంకెలను చూడకతప్పదు. పోయిన నెల రిటర్ను తప్పుగా వచ్చినదని అతడు ఫోను చేసినప్పుడు సహాయకుడు అతని ఖాతాను తెరువవలసినదే. అట్టిచోట నియమము చూపునకే: తెరచుటకు ముందు ఫిర్యాదు సంఖ్యతో కారణము వ్రాయవలెను, మరియొకరి అనుమతి రావలెను, కొంతసేపటికి ఆ అనుమతి తనంత తాను రద్దు కావలెను, తెరచిన ప్రతి పుటయు తాను చెరుపలేని లాగ్‌లో చేరవలెను. సాక్షులు లేని నిక్షేపవివాదమున, న్యాయాధికారి గూఢచారులచేత ఆ అనుమానితునియొద్దనే ఏదో మిషతో బంగారమును దాచిపెట్టించి, మరల అడిగించి చూడవలెనని మనువు చెప్పెను. నేటి సంస్థలు ఎవరికిని చెందని ఖాతాలను ఎరగా ఉంచి, తమ ఉద్యోగులలో ఎవడు తెరచునో కనిపెట్టుట ఆ ఉపాయమునకు సంతతియే.

ఇల్లడను మంచిపనికి వాడుకొన్నచో? సేవను మెరుగుపరచుటకై మీ సమాచారమును వినియోగింతుమను వాక్యము లేని ఒప్పందము నేడు అరుదు. తెలుగువారికి ఈ విషయమున కంచెర్ల గోపన్న గలడు. గోల్కొండ తానీషా ఏలుబడిలో పాల్వంచకు తహసీల్దారై, వసూలైన శిస్తును భద్రాచలమున రాముని గుడికి వెచ్చించి చెరసాల పాలయ్యెను. భక్తునికి అంతకంటె పవిత్రప్రయోజనము లేదు. అయినను ఐతిహ్యము చెప్పునదేమన, రామలక్ష్మణులే రాత్రివేళ వచ్చి ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని. ఆ కథలో దేవుడు సొమ్ము నాకే ఖర్చైనది గదా యని వాదింపడు. పైకము పట్టుకొని వచ్చును.

దొంగవలన పోయినదానికి కావలివాడు బాధ్యుడు కాడని స్మృతులు చెప్పుట నిజమే. కాని నారదుడు అందొక ఒరపిడిరాయిని ఉంచెను: తన సొమ్ముతో కూడ ఇల్లడయు పోయినచో ఆ నష్టము ఇచ్చినవానిదే. అనగా కావలివాడు పరులసొమ్మును తన సొమ్మువలెనే కాచెనా యని చూడవలెను. అమెరికాలో ఈక్విఫాక్స్ అను పరపతి సంస్థనుండి 2017లో సుమారు 14 కోట్ల 70 లక్షలమంది వివరములు తరలిపోయెను. అపాచీ స్ట్రట్స్ అను సాఫ్ట్‌వేరులోని లోపమునకు మార్చినెలలోనే దిద్దుబాటు వెలువడగా, దానిని ఒకచోట అతికింపక విడిచిరి. మే నెలలో దొంగలు అచటనే చొరబడిరి. పోయినవి పరుల గుట్టులు. వ్యాపారము ఈనాటికిని నడచుచున్నది. పైగా ఆ కోట్లమందిలో అత్యధికులు తమంతట తాము దానికి ఏమియు అప్పగించినవారు కారు, అప్పులిచ్చినవారే వారి వివరములను అందజేసిరి.

పతంజలి అస్తేయమును చెప్పి ఊరకొనక అపరిగ్రహమును వేరుగా చెప్పుటలోని ఔచిత్యము నాకు ఇటువంటిచోట్లనే బోధపడును. తాళములు, చెవులు, లాగ్‌లు అన్నియు అస్తేయమునకు సాధనములు. అక్కరలేనిదానిని అడుగకుండుట, అక్కర తీరినదానిని చెరుపుట అపరిగ్రహము. చెరుపుటయు అంత సులభము కాదు. ఖాతా మూసినను బ్యాకప్పులలో ఆ ప్రతులు కొన్ని వారములో నెలలో మిగిలియుండును. అందుచే తెలిసిన ఇంజనీర్లు ఖాతాకొక చెవి ఏర్పరచి, ప్రతులన్నిటిని వెదకుటకు మారుగా ఆ చెవినే నశింపజేయుదురు.

ఇచ్చినవాడు చనిపోయినప్పుడు ఏమి చేయవలెను? వారసుడు అడుగకయే తానై ఇచ్చివేసిన కావలివానిని ఎవరును నిర్బంధింపరాదని మనువు వాక్యము. బెర్లినులో 15 ఏండ్ల బాలిక 2012లో రైలు క్రిందపడి మరణింపగా, అది ప్రమాదమో ఆత్మహత్యయో తెలిసికొనగోరిన తల్లిదండ్రులు ఆమె ఫేస్‌బుక్ ఖాతాను తెరువుమని వ్యాజ్యెము వేసిరి. డైరీలును ఉత్తరములును వారసులకు చెందునట్లే ఖాతాయు చెందునని 2018 జులై 12న జర్మనీ సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆమెతో సంభాషించినవారి గోప్యతను ప్రస్తావించియే, అది అడ్డు కాదన్నది. ఆ తల్లి దుఃఖమును తలచుకొన్నప్పుడు తీర్పును తప్పుపట్ట నోరు రాదు. కాని ఆ ఖాతాలో ఇతరులు వ్రాసిన మాటలును గలవు. వారు తమ గుట్టును ఇల్లడగా పెట్టినది ఆ బాలికయొద్దనే గాని ఆమె వారసులయొద్ద కాదు. స్మృతికారులు ఒక మూటకు ఒక యజమానిని ఊహించిరి. ఇరువురి మాటలు ఒకే మూటలో ముడిపడి, ఒకరు గతించి ఒకరు మిగిలినప్పుడు, మిగిలినవారిని పిలిచి అడుగవలెను. వారు ఒప్పుకొన్న మాటలనే తల్లి చేతికి ఈయవలెను.