మన పిల్లలకు ఏ దేవదాసు ఆదర్శం?



తపస్సు కాలంలో చర్ల చుట్టుపక్కల అడవుల్లో ఇప్పపువ్వు రాలుతుంది. కోయ కుటుంబాలు తెల్లవారుజామునే గంపలతో వెళ్లి ఏరుకొస్తాయి. ఎండబెట్టి వండుకుంటే ఆ పువ్వు ఆకలి తీరుస్తుంది. పులియబెట్టి కాస్తే సారా అవుతుంది. దోషం పువ్వుది కాదు. పదిహేనేళ్ల మనసులో పూసే ప్రేమ కూడా ఇలాంటిదే. అది దేవుడిచ్చిన స్వభావం. దానిని ఎలా కాపాడుకోవాలో పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు?

1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రం మీకు తెలిసిందే. పార్వతి దక్కలేదని తాగి తాగి ప్రాణం విడిచినవాని కథ అది. ఇన్నేళ్లయినా, దిగులుగా కూర్చున్న కుర్రవాడిని స్నేహితులు ‘దేవదాసు’ అని పిలిచి గ్లాసు అందిస్తారు. ప్రేమ విఫలమైతే తాగాలన్న పాఠం మొదటి చుక్కకంటే ముందే తలకెక్కుతుంది. ఆలోచన ముందు, అలవాటు వెనుక. ఇప్పుడది సారాతో ఆగడం లేదు. మన సరిహద్దు దారుల్లో గంజాయి పట్టుబడిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

మరి మన ఇళ్లలో ఏమి జరుగుతోంది? కొడుకు ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడని తెలిస్తే కర్ర అందుకుంటాం. అదే కొడుకు పండుగనాడు గ్లాసు పట్టుకుంటే “మగపిల్లవాడు కదా” అని నవ్వుకుంటాం. కూతురైతే చదువు మాన్పించి పెళ్లికి తొందరపడతాం. మనసు విప్పే మాటకు తలుపు మూసి, ప్రాణం తీసేదానికి తలుపు తెరుస్తున్నాం.

పునీత అగుస్తీను వారు తన ఆత్మకథలో ఈ సంగతే చెప్పారు. పదహారో ఏట, చదువుకు డబ్బు చాలక, ఆయన ఇంటివద్ద ఖాళీగా గడిపారు. కొడుకు యౌవనాన్ని చూసి తండ్రి మురిసిపోయాడేగాని హెచ్చరించలేదు. తల్లి మోనికమ్మ మాత్రం చాటుగా పిలిచి మందలించింది. ఆడవాళ్ల మాటలని ఆయన పెడచెవిన పెట్టారు.

ఆ తల్లికీ ఒక అనుభవం ఉంది. చిన్నతనంలో ద్రాక్షారసం తెమ్మని పంపితే, రోజూ కొంచెం రుచి చూస్తూ చివరకు గిన్నెనిండా తాగేదట. ఒక పనిపిల్ల ‘తాగుబోతు’ అని ఎత్తిపొడవగా సిగ్గుపడి మానేసింది. పెద్దయ్యాక, దారితప్పిన కొడుకుకోసం కన్నీటితో ప్రార్థించింది, సముద్రం దాటి మిలాను వరకు వెళ్లింది. 387లో పాస్కా పండుగకు ఆయన జ్ఞానస్నానం పొందడం కన్నులారా చూసింది.

తండ్రులారా, ముందు మీ గ్లాసు పక్కన పెట్టండి. తల్లులారా, ఈ వారం కుటుంబ ప్రార్థన ముగిశాక సెల్‌ఫోన్లు కట్టేసి, పిల్లల మాట తిట్టకుండా పూర్తిగా వినండి. యువతీయువకులారా, మీ దేహం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు చెప్పలేదా (1 కొరింతీ 6:19)? మనసు విరిగిననాడు అమ్మ వద్దకు, నాన్న వద్దకు, విచారణ గురువుల వద్దకు రండి.

దేవదాసు అంటే దేవుని దాసుడు. మన విచారణల్లో ఎందరో పెట్టుకున్న పేరు అది. ఆ పేరుకు తాగుబోతు అనే అర్థం మన ఇళ్లలో నిలవకూడదు.

పునీత మోనికమ్మ మన కుటుంబాలకొరకు ప్రార్థించునుగాక!