కొలిమిలో మారేదేమిటి?

కుమ్మరి ఆవంలోంచి ఎర్రగా బయటికొచ్చిన కుండ, లోపలికి వెళ్లిన నల్ల కుండేనా? ఈ ప్రశ్న మీద మన తార్కికులు రెండుగా చీలారు. వేడికి కుండ పరమాణువులుగా విడిపోయి, వాటి రంగు మారాక అవే మళ్లీ కుండగా కూడుకుంటాయన్నది వైశేషికుల పీలుపాకవాదం. కుండ విడిపోకుండానే రంగు మారుతుందన్నది నైయాయికుల పిఠరపాకవాదం. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో రెండు పక్షాలనూ వివరించాడు. కుండ దగ్గర తేలని ఈ తగవును లిథియం-అయాన్ బ్యాటరీ క్యాథోడ్ తయారీ దగ్గర మళ్లీ విచారించవచ్చు.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త గుడినఫ్ బృందం ముందుకు తెచ్చిన క్యాథోడ్ పదార్థం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌నే తీసుకుందాం. 1991లో సోనీ అమ్మకానికి పెట్టిన బ్యాటరీలో ఉన్నదీ ఇదే. లిథియం కార్బొనేట్‌నూ కోబాల్ట్ ఆక్సైడ్‌నూ కలిపి నూరి, దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాలుస్తారు. ఆ వేడికి లిథియం కొంత ఆవిరైపోతుంది కనుక ముందే కాస్త ఎక్కువ వేస్తారు. కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, పాత స్ఫటికాలు రెండూ నశించి, కోబాల్ట్-ఆక్సిజన్ పొరల నడుమ లిథియం పొరలు సర్దుకున్న కొత్త స్ఫటికం పుడుతుంది. ఇంతవరకూ పీలుపాకానిదే గెలుపు. కానీ అదే పదార్థం బ్యాటరీలో చేరాక, ఛార్జింగ్‌లో లిథియం బయటికి పోతుంది, వాడకంలో తిరిగొస్తుంది. పొరల చట్రం మాత్రం నిలుస్తుంది. ఇది పిఠరపాకం పక్షాన సాక్ష్యం. దానికీ హద్దుంది: సుమారు సగానికి మించి లిథియాన్ని లాగితే చట్రమే చెదరడం మొదలవుతుంది. అంటే వస్తువు అదేనా అన్నది దానిలోని అమరిక నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టే తేలుతోంది.

బౌద్ధులు దీన్ని ఒప్పుకోరు. అవయవాలే (భాగాలే) తప్ప వాటికి మించిన అవయవి (మొత్తం వస్తువు) లేదని, అమరిక మన సౌకర్యం కోసం పెట్టుకున్న పేరని అంటారు. కానీ 400 డిగ్రీల దగ్గరే కాల్చి తీసిన సరుకును చూడండి. అవే మూలకాలు, అదే నిష్పత్తి. లిథియం, కోబాల్ట్ మాత్రం పొరలుగా పూర్తిగా వేరుపడవు, వోల్టేజీ తగ్గుతుంది. వట్టి పేరుకు వోల్టేజీని మార్చే శక్తి లేదు. వైశేషిక దర్శనకర్త కణాదుడి పరమాణువూ నేటి రసాయనశాస్త్రపు పరమాణువూ ఒకటి కావు కదా అని మరొకరు అడగవచ్చు. నిజమే, పూర్వులకు ఇదంతా తెలుసని నా వాదం కాదు, వాళ్లు వేసిన ప్రశ్న ఇక్కడా వర్తిస్తుందన్నదే. పైగా ఈ సాక్ష్యం నైయాయికులనూ పూర్తిగా గెలిపించదు. అమరిక వాస్తవమని తేలింది గాని, అవయవాలకు మించి అవయవి అనే వేరే ద్రవ్యం పుట్టిందని తేలలేదు. బౌద్ధుల వాదంలో ఆ మేరకు నిజముంది. కాబట్టి వస్తువు ఏకత్వం దాని భాగాల మధ్య సంబంధంలో ఉంది. ఆ సంబంధం ఎంత మార్పును ఓర్చుకుంటుందో, అంతవరకే ‘ఇది అదే’ అనే హక్కు మనకుంటుంది.