టీ బల్ల దగ్గర కోటు విప్పని సహోదరి



ఈ బ్రిటన్ చలిలో ఆరాధన ముగిశాక టీ తాగుతూ మనం మాట్లాడుకునేది గ్యాసు, కరెంటు బిల్లుల గురించే. ఆ కోపం న్యాయమైనదే. 2024లో ప్రభుత్వం చాలామంది వృద్ధులకు చలికాలపు ఇంధన సాయం ఆపేసింది. జనం గట్టిగా అడిగాకే 2025లో ఎక్కువమందికి తిరిగి ఇచ్చింది. కాబట్టి మీ ఎంపీకి రాయండి, అది అవిశ్వాసమేమీ కాదు.

అయితే ఆ టీ బల్ల దగ్గర కోటు విప్పకుండా, మౌనంగా నిలబడ్డ సహోదరిని గమనించారా? ఆమె ఇంట్లో ఉన్నది ప్రీపేమెంట్ మీటరు. ఎమర్జెన్సీ క్రెడిట్ కూడా అయిపోతే హీటింగ్ ఆగిపోతుంది. చలిలో ఉన్నవారికి మంచి మాట చెప్పి వట్టి చేతులతో పంపేవారిని యాకోబు 2:15, 16లో చూడండి. ఆయన మందలించింది సంఘాన్నే.

ఈ రాత్రి ఆమెను, పిల్లలను భోజనానికి పిలవండి. దారిలో షాపు దగ్గర ఆగి ఆమె మీటరు కీ టాప్ అప్ చేయించండి.