అగ్గువ సరుకూ అస్తేయ వ్రతమూ

2019 డిసెంబరు దాకా విదేశాల నుంచి మన ఇళ్లకు వచ్చిన చాలా పార్శిళ్ల మీద ఒక చిన్న అబద్ధం అంటించి ఉండేది. ఐదు వేల రూపాయల లోపు విలువ చేసే కానుకను బయటి దేశంలో ఉన్న బంధువో స్నేహితుడో పంపితే దానికి కస్టమ్స్ సుంకం పడేది కాదు. ఈ వెసులుబాటును చైనా అమ్మకందార్లు పసిగట్టారు. మనం డబ్బు కట్టి కొన్న ఇయర్‌ఫోన్లు, ఫోన్ కవర్లు, పిల్లల గౌన్లు 'కానుక' పేరుతో విమానాశ్రయాలు దాటి వచ్చేవి. 2019 డిసెంబరులో ప్రభుత్వం ఆ వెసులుబాటు ఎత్తేసి, ప్రాణాధార మందులకూ రాఖీలకూ మాత్రం మినహాయింపు ఉంచింది. 2020 జూన్‌లో షీన్, క్లబ్ ఫ్యాక్టరీ అనే షాపింగ్ యాప్‌లతో సహా 59 యాప్‌లనూ, నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌తో సహా మరో 43 యాప్‌లనూ నిషేధించింది. ఆ నిషేధానికి చెప్పిన కారణం దేశ సార్వభౌమత్వం, భద్రతే తప్ప సుంకం కాదు. చట్టం తన పని తాను చేసుకుపోయింది. అది అడగని ప్రశ్న ఒకటి మాత్రం అలాగే ఉంది. అబద్ధం రాసినవాడు ఎక్కడో ఉన్న గుమాస్తా. దానివల్ల మిగిలిన నాలుగు రూపాయలు పడింది పరకాలలోనో హనుమకొండలోనో ఆర్డర్ పెట్టిన మనిషి జేబులో. అగ్గువకు దొరికిందని సంబరపడిన ఆ మనిషికి ఈ అబద్ధంలో వాటా ఉందా, లేదా?

ఇంటర్నెట్ పుట్టకముందే ఈ ప్రశ్న గురించి లోతుగా ఆలోచించినవాళ్లున్నారు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం జైన గృహస్థు పాటించాల్సిన అస్తేయ వ్రతానికి, అంటే దొంగిలించనన్న వ్రతానికి, ఐదు అతిచారాలు (మీరడాలు) చెప్పింది. దొంగతనానికి ఒకరిని పురికొల్పడం, దొంగ తెచ్చిన సొమ్ము తీసుకోవడం, రాజ్యం పెట్టిన కట్టుబాటు దాటి వ్యాపారం చేయడం, తప్పుడు తూకాలూ కొలతలూ వాడటం, అసలు పేరుతో నకిలీని అంటగట్టడం. కన్నం వేసి దోచుకోవడం ఈ జాబితాలో లేదు. అది వ్రతభంగమే కాబట్టి వేరే చెప్పనక్కర్లేదు. వ్రతం చెడలేదని మనిషి తనకు తాను సర్దిచెప్పుకునే పనులివి. వీటిలో రెండోది అచ్చంగా కొనేవాడి గురించే. బౌద్ధుల వినయ పిటకం ఇంకా కటువుగా ఉంటుంది. సుంకం కట్టాల్సిన సరుకుతో భిక్షువు సుంకపు హద్దు దాటితే, దాని విలువ ఐదు మాషకాలో (అప్పటి నాణేలు) ఆపైనో ఉంటే, మొదటి అడుగుకు పెద్ద దోషం, రెండో అడుగుకు సంఘం నుంచి శాశ్వత బహిష్కారం. ఇవేవీ పరకాల వాళ్లకు పరాయి మాటలు కావు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీది 1117 నాటి శాసనం, కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన కడలాలయ బసది అనే జైన ఆలయం గురించి చెబుతుంది. జైనం ఈ గడ్డ మీద వర్తకులూ మంత్రులూ రాజులూ ఆచరించిన మతం.

అయితే అస్తేయానికి సరైన కొలబద్ద నాకు గ్రంథాల్లో కంటే ఒక రాజాజ్ఞలో దొరికింది. ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు ఒక ఆచారం ఉండేది. గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఏ రాజు తీరాన పగిలితే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఆ రాజువే. ఇది దొంగతనం అనిపించుకునేది కాదు, రాజు హక్కు. గణపతిదేవుడు ఆ హక్కు వదులుకున్నాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువని సముద్రం మీదికి సాహసించి వచ్చినవాళ్ల మీద దయతో, తమకు రావలసిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే విడిచిపెడుతున్నామని ఆ శాసనం చెబుతుంది. సుంకాన్ని ఆయన మానలేదు. ఎగుమతుల మీదా దిగుమతుల మీదా ముప్పయికి ఒకటి చొప్పున తీసుకున్నాడు. మానింది ఎదుటివాడి ఆపదలోంచి వచ్చే రాబడిని. ఇందులో రాజనీతి ఉందని చరిత్రకారులు అనవచ్చు, భయం పోతేనే కదా ఓడలొచ్చేది! ఉండనివ్వండి. లాభం కూడా కలిసొచ్చిందని ఆ పనిలోని ధర్మాన్ని కొట్టెయ్యలేం.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే అగ్గువ సరుకు రెండుగా విడిపోతుంది. ఒకటి పనితనం వల్ల అగ్గువైనది. చైనాలోని యీవూలో చిన్న సరుకుల కోసమే పెరిగిన మహా సంత ఉంది. గుండీ నుంచి గొడుగు దాకా ఒకేచోట, వేల దుకాణాల్లో, టోకున దొరుకుతాయి. యంత్రం, రాశి, దళారులు తగ్గడం, వీటివల్ల తగ్గిన ధరలో ఎవరి ఏడుపూ లేదు. దాన్ని కొంటే దోషమనడం అసూయే అవుతుంది. రెండోది పగిలిన ఓడ సరుకు. బంగ్లాదేశ్‌లోని సావర్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. గోడల్లో పగుళ్లు ముందురోజే కనిపించాయి. అయినా మరునాడు పనిలోకి రమ్మన్నారు, ఆర్డర్లు గడువులోగా పోవాలి కాబట్టి. షీన్‌కు బట్టలు కుట్టే గ్వాంగ్‌జౌ వర్క్‌షాపుల్లో వారానికి 75 గంటల పని, నెలకు ఒకే సెలవు చూశామని స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ 2021లో రాసింది. ప్రపంచపు పత్తిలో దాదాపు ఐదో వంతు పండే షిన్‌జియాంగ్ నుంచి వచ్చే సరుకంతా వెట్టిచాకిరీ సరుకేనని, కాదని రుజువయ్యేదాకా, అమెరికా చట్టం 2022 జూన్ నుంచి భావిస్తోంది. ఇలా ఎదుటివాడి ఆపదలోంచి తీసిన మిగులు కూడా మన బిల్లులో తగ్గింపుగానే కనిపిస్తుంది.

ఏ చొక్కా ఏ షెడ్డులో కుట్టారో నాకెట్లా తెలుస్తుందని ఎవరైనా అడగవచ్చు. ఇంకెవరడిగినా ఒప్పుకుంటాను కానీ పరకాల వాళ్లు అడిగితే ఒప్పుకోలేను. ఇది పత్తి ప్రాంతం. 2025–26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. దాదాపు మూడు కిలోల పత్తిని జిన్నింగ్ చేస్తే కిలో దూది వస్తుంది. గింజల విలువ తీసేసినా ఒక మామూలు టీషర్టులో ముప్పయి, నలభై రూపాయల దూది ఉంటుంది. ఆ పైన వడకాలి, అల్లాలి, అద్దకం వేయాలి, కత్తిరించాలి, కుట్టాలి, కవర్లో పెట్టి మోసుకురావాలి, యాప్‌కు కమీషన్ కట్టాలి, నచ్చక వెనక్కి పంపేవాళ్ల ఖర్చూ భరించాలి. అంతా కలిపి తొంభై తొమ్మిది రూపాయలకే ఇంటికి చేరిందంటే ఎక్కడో ఒకరికి కూలి ఎగ్గొట్టి ఉంటారు, లేదా అది పత్తే కాదు. మొదటిది తత్త్వార్థ సూత్రం చెప్పిన రెండో అతిచారం, రెండోది ఐదోది. పత్తి చేను చేసే మనిషికి ఈ లెక్క నోటి మీదే ఉంటుంది. ధర తానే సాక్ష్యం చెబుతుంటే విననట్టు ఊరుకోవడాన్ని తెలియకపోవడం అనలేం.

ఇక్కడికొచ్చేసరికి స్వదేశీ వాదులు అందుకుంటారు. మరి విదేశీ సరుకే మానేస్తే పోలేదా? 1947 సెప్టెంబరు 2న నిజాం రాజ్యంలో జాతీయ జెండా ఎగరేయబోయినవాళ్లు ప్రాణాలిచ్చిన పరకాలలో, వాళ్ల స్మారకమైన అమరధామం నీడలో, ఆ మాటకుండే బరువు నాకు తెలియనిది కాదు. 1916లో మద్రాసులో క్రైస్తవ మిషనరీల సభలో గాంధీ స్వదేశీని ఒక మత ధర్మంగానే వివరించాడు, పక్కవాడికి సేవ చేయడమే ముందని. కానీ పక్కవాడు ఎవరన్నది ఇవాళ అంత తేలిగ్గా తేలదు. పరకాల నియోజకవర్గంలోని గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడికి వచ్చిన కంపెనీల్లో దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ ఉంది, అమెరికాకు పసిపిల్లల బట్టలు ఎగుమతి చేసే కేరళ కిటెక్స్ ఉంది. అంటే సంగెం ఆడబిడ్డ కుట్టిన చొక్కా ఇంకో దేశంలో ఒక తల్లికి విదేశీ అగ్గువ సరుకు. ఆ తల్లి 'మీ సరుకు పరాయిది, ముట్టను' అంటే మనకు న్యాయమనిపిస్తుందా? 'మీ ఊళ్లో కుట్టినామెకు కూలి సరిగ్గా ముట్టిందా' అని అడిగితే మాత్రం ఆమెకు దండం పెట్టాల్సిందే. ఇంకో సంగతి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ డిజైన్‌ను పాలిస్టర్ మీద అచ్చేసి 'పోచంపల్లి' పేరుతో ఐదు వందలకు అమ్మే చీరలకు ఏ సముద్రమూ దాటే పని లేదు, చాలావరకు సూరత్ నుంచే వస్తాయి. వాటితో నేతగాడి కడుపు కొట్టింది స్వదేశీ సరుకే. సరిహద్దు గీత పాపపుణ్యాలను విడదీయదు.

దీనికంటే బరువైన ఆక్షేపణ పేదరికం నుంచి వస్తుంది. జూన్‌లో బడి తెరిస్తే ఇద్దరు పిల్లలకు బ్యాగులు, చెప్పులు కొనాల్సిన కూలి తల్లికి అస్తేయం గురించి పాఠం చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది? నాకైతే రాదు. మన ధర్మశాస్త్రాలు ఆపద్ధర్మం అని ఒకటి పెట్టింది ఇందుకే, గత్యంతరం లేనివాడిని ఉన్నవాడి తూకంతో తూచకూడదని. ఆమె కొన్న బ్యాగులో దోషముంటే అది ఆమెకు చాలినంత కూలి ఇవ్వని మనందరికీ చెందుతుంది. అయితే పేదల పేరుతో ఈ వాదన చేసేవాళ్లలో పేదలు తక్కువ. రాత్రి పడుకోబోయే ముందు ఊరికే యాప్ తిప్పుతూ నాలుగో ఫోన్ కవరు, వద్దనుకుంటే వాపసు ఇవ్వవచ్చులే అని మూడు టాప్‌లు ఆర్డర్ పెట్టే చేతికి ఆపద్ధర్మం వర్తించదు. ఎంచుకునే వీలు ఎంత ఉంటే జవాబుదారీ అంత ఉంటుంది.

బేరమాడటం మన రక్తంలో ఉంది, అదీ తప్పేనా అని ఇంకొందరు. తప్పు కాదు. శుక్రవారం అంగట్లో కూరగాయలామె 'గిట్టదు బిడ్డా, పో' అనగలదు. ఆ మాట అనే వీలు ఉన్నంతసేపు బేరం ఇద్దరిదీ. ప్రవక్త మహమ్మదు, బేరగాళ్ల బిడారు సంతకు చేరకముందే ఎదురెళ్లి సరుకు కొనడాన్ని వారించాడని హదీసులు చెబుతాయి. సంతలో ధర ఎంత పలుకుతోందో తెలియనివాడి దగ్గర కొనడం అతడి అజ్ఞానాన్ని కొనడమే కాబట్టి. కళ్లం దగ్గరే పత్తి తూకం వేయించుకుని పోయే దళారిని ఎరిగిన ఊళ్లకు దీన్ని విడమర్చనక్కర్లేదు. యాప్‌లో 'గిట్టదు' అనగలిగిన మనిషి మనకు కనబడడు. అమ్మకందారుకు ధర తగ్గించకపోతే జాబితాలో అడుగుకు పోతానన్న భయం, అతడి కింద కుట్టేవాళ్లకు పని పోతుందన్న భయం. అది బేరం కాదు, అవతలివాడి నోరు నొక్కి తీసుకున్న తగ్గింపు.

'నేనొక్కణ్ని మానితే ఆగుతుందా' అన్న మాటకు పెద్దగా జవాబు అక్కర్లేదు. వినయ పిటకం ఆ భిక్షువును, నీ రెండో అడుగుతో రాజు బొక్కసం ఎంత తరిగిందని అడగలేదు. అయినా చిన్న అబద్ధాలు కలిస్తే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం లేని వెసులుబాటు అమెరికాలో ఉండేది. అగ్గువ సరుకు దాని గుండా వరదలా పోయింది, విలువ తగ్గించి రాయడమూ దాంతోపాటే సాగింది. 2025 మే నెలలో చైనా సరుకుకు, ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ దాన్ని ఎత్తేశారు. మన తపాలా శాఖ కూడా కొంతకాలం అమెరికాకు చాలా రకాల పార్శిళ్లు ఆపేసింది. డాలస్‌లో ఉన్న కూతురికి పచ్చడీ చీరా పంపే తల్లిదండ్రులు ఏ అబద్ధమూ రాయకుండానే ఆ దెబ్బ తిన్నారు.

'ఆ ఫ్యాక్టరీలే లేకపోతే వాళ్లకు ఆ కూలి కూడా ఉండదు కదా' అన్నది నేను సగం ఒప్పుకునే వాదన. అందుకే బహిష్కరణను సమర్థించను. రాణా ప్లాజా కూలిన నెల తిరక్కుండానే బట్టల కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి అగ్ని, భవన భద్రత మీద ఒప్పందం చేసుకున్నాయి. ఫ్యాక్టరీల్లో తనిఖీలు జరిగాయి, మరమ్మతులు చేయించారు. కొనేవాళ్లు వెళ్లిపోయి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. ఉండి, అడిగారు కాబట్టి జరిగాయి. పగిలిన ఓడ సరుకు వద్దన్న గణపతిదేవుడు రేవు మూయలేదు, తెరిచే ఉంచాడు. మనకూ అదే దారి. అగ్గువకు కొనండి, ఎందుకంత అగ్గువో అడిగి కొనండి.

అడగడానికి చట్టం కొంత వీలు ఇచ్చింది. వస్తువు ఏ దేశంలో తయారైందో, అమ్మకందారు ఎవరో, చిరునామా ఏమిటో చూపించాలని 2020 నాటి ఈ–కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఇకపై ఆర్డర్ బటన్ నొక్కే ముందు ఆ వివరాల కోసం ఒకసారి వెతకండి. కనిపించకపోతే ఆ వస్తువు వదిలేయండి. వదిలేసి ఊరుకోకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. నంబరు 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు.