దారి ఇవ్వాల్సింది ఎవరు?

జంషెడ్‌పూర్‌లో సాక్చీని ఆనుకుని ఉన్న కాసిడీహ్ వీధుల్లో సైకిలు తొక్కేవారిని అదుపు చేసే చట్టాలు చాలా తక్కువ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిలు మోటారు వాహనం కాదు కనుక దానికి లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా అక్కర్లేదు. ఎదుటివారి ప్రాణానికి ముప్పు వచ్చేంత నిర్లక్ష్యంగా తొక్కితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను వర్తిస్తుంది. ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే నంబరు ప్లేటే లేని బండిని వెతికి పట్టుకునేదెవరు? శిక్ష పడదని తెలిసినా నియమానికి కట్టుబడాలా అన్న ప్రశ్న ఇక్కడ పుస్తకాల్లోంచి రోడ్డు మీదికి వస్తుంది. కట్టుబడాలనే నేనంటాను. ఎందుకంటే దారి ధర్మం పుట్టేది పోలీసు భయంలోంచి కాదు, మన చేతిలో ఉన్న బలంలోంచి.

మన ధర్మశాస్త్రాలు ఈ విషయం ఏనాడో పట్టించుకున్నాయి. ఎదురుపడినప్పుడు ఎవరికి దారి వదలాలో మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. బండిలో వెళ్లేవాడు, తొంభై దాటిన ముసలివాడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, చదువు ముగించిన స్నాతకుడు, రాజు, పెళ్లికొడుకు ఆ జాబితాలో ఉన్నారు. ఇందులో రెండు న్యాయాలు కలగలిసి ఉన్నాయి: ఒకటి హోదాకు తలవంచేది, రెండోది అశక్తతను గౌరవించేది. పౌరులంతా సమానమని రాజ్యాంగం చెప్పాక మొదటిదానికి చోటు లేదు. నిలబడాల్సింది రెండోదే. కానీ నేటి రోడ్డు మీద జరుగుతున్నది దీనికి తలకిందులు. కారుకు రాచమర్యాద దక్కుతోంది, క్యారియరుకు పాలక్యాన్లు కట్టుకుని తొక్కేవాడు అంచున ఉన్న గుంతలోకి దిగుతున్నాడు.

అలాంటప్పుడు బలహీనుడైన సైకిలువాడికే నీతులు చెప్పడం అన్యాయం కాదా అని ఎవరైనా అడగవచ్చు. లారీ ముందు, కారు ముందు అతను బలహీనుడే. నడిచేవారి ముందు మాత్రం కాదు. దూరం తిరగాల్సి వస్తుందని ఒకడు రాంగ్ రూట్‌లో వస్తాడు. రోడ్డు దాటే పెద్దావిడ బండ్లు వచ్చే వైపే చూసి అడుగు వేస్తుంది. చప్పుడు చేయని సైకిలు రెండోవైపు నుంచి వచ్చి తగులుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం కష్టం. పేదరికం సైకిలువాడి జరిమానాను తగ్గించవచ్చు గానీ, ఆవిడ నొప్పిని తగ్గించదు.

మనిషి మనస్సాక్షే చాలితే చట్టమెందుకన్నది మరో అభ్యంతరం. దీనికి మహాభారతం శాంతిపర్వంలో సమాధానం ఉంది. ఒకప్పుడు రాజూ దండనా లేకుండానే ప్రజలు ధర్మాన్ని నమ్ముకుని పరస్పరం కాపాడుకున్నారని భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. మోహం కమ్మి వాళ్లు జారిపోయాకే రాజ్యం అవసరమైందనీ చెబుతాడు. అంటే ధర్మం ముందు, దండన తరువాత. జారిపోయేవారి కోసం చట్టమూ కావాలి. మోటారు లేని వాహనాల రాకపోకలపై నియమాలు చేసే అధికారాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 138(1ఎ) సెక్షను కింద రాష్ట్రాలకిచ్చింది. ఆ నియమాలు ఆరు నెలల్లో చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. జార్ఖండ్‌లోనైనా, ఆంధ్ర, తెలంగాణల్లోనైనా ఆ నియమాల్లో జరిమానా కంటే ముందు సైకిలుకు విడిగా దారి, ఆ దారిలో కార్లు ఆపకుండా కట్టడి ఉండాలి. అందరికంటే బలవంతమైనది ప్రభుత్వమే కనుక మొదటి బాధ్యతా దానిదే. అది తన పని చేసేదాకా సైకిలువాడి బాధ్యత ఆగదు. రాత్రి లైటు వెలిగించడానికి, మలుపులో బెల్లు కొట్టడానికి, నడిచేవారిని చూసి బ్రేకు వేయడానికి ఏ గెజిట్ కోసమూ ఎదురు చూడక్కర్లేదు.