సెకనుకు ఎన్ని?

బాక్టీరియాను లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ యంత్రం ముందు కూర్చుంటే నా చూపు ముందుగా పడేది సెకనుకు ఎన్ని ఈవెంట్లన్న అంకె మీదే. అది పెరుగుతుంటే మనసుకు హాయి. పని త్వరగా తెములుతుంది, పెద్ద అంకెకు విలువా ఎక్కువనిపిస్తుంది. ఈ హాయిని నమ్మకూడదని తెలుసు. తెలిసినా ప్రతిసారీ కలుగుతూనే ఉంటుంది.

నిజానికి యంత్రం లెక్కపెట్టేది బాక్టీరియాను కాదు, కణం లేజర్ వెలుగును దాటేటప్పుడు వచ్చే మెరుపులను. ఒక్కో మెరుపే ఒక ఈవెంట్. ఒక్కో మెరుపు ముగియడానికి 10 మైక్రోసెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకు 1,000 కణాలు వస్తే, ఒక మెరుపు ఆరేలోపే మరో కణం వచ్చిపడే అవకాశం 1 శాతం. 10,000 వస్తే ఇంచుమించు 10 శాతం. అలా కలిసిపోయిన రెండూ ఒక్కటిగానే నమోదవుతాయి. తొందరపడ్డకొద్దీ లెక్క అసలుకన్నా తగ్గుతుంది. తెర మీద మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది థ్రెషోల్డ్, అంటే ఎంత మెరుపును లెక్కలో చేర్చాలో తేల్చే గీత. బాక్టీరియా ఒక మైక్రాన్‌కు అటూఇటూ ఉంటాయి, వెలుగును కొద్దిగానే చెదరగొడతాయి. గీత దించితే, కణాలను మోసుకెళ్లే షీత్ ద్రవంలోని నలుసులు, ఎలక్ట్రానిక్ రొద లెక్కలో చేరతాయి. పెంచితే చిన్న కణాలు జారిపోతాయి. సైబర్ గ్రీన్ రంగు వేస్తే డీఎన్‌ఏ వెలిగి కొంత తేటపడుతుంది. కానీ గీత గీసేది నేనే. కావలసిన అంకె వచ్చేచోట నా చెయ్యి ఆగుతోందా?

రొద అనిపించేదంతా రొద కాదు. సముద్రపు నీటిని ఇలాంటి యంత్రంతోనే పరీక్షించిన శాస్త్రవేత్తలు శాలీ చిషోల్మ్, రాబర్ట్ ఓల్సన్ బృందానికి కనిపించిన మసక ఎర్రని మెరుపులు మొదట రొదలాగే అనిపించాయి. వాళ్లు వదల్లేదు. 1988లో వాళ్లు లోకానికి చూపిన ఆ జీవే తర్వాత ప్రోక్లోరోకోకస్ అనిపించుకుంది. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల్లో భూమి మీద దాన్ని మించిన సంఖ్య మరొకదానికి లేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేను ఆ మెరుపులను గీత కిందే వదిలేసేదాన్నేమో! ఆ అనుమానం నన్ను వదలదు.

నా లెక్కను నేనే పరీక్షించుకునే దారి ఒకటుంది. శాంపిల్‌ను రెండింతలు పలచన చేస్తే లెక్క సగం కావాలి. సగానికి మించిందంటే, చిక్కగా ఉన్నప్పుడు కణాలు ఒకదాని చాటున ఒకటి దాగి ఉండాలి, లేదా రొద కలిసి ఉండాలి. ఏదన్నది బ్లాంక్, అంటే కణాల్లేకుండా వడకట్టిన నీరు, చెబుతుంది. ఇదంతా సమయం తినే పని. పొద్దుగూకేవేళ నాలో ఒక గొంతు ‘ఇక చాల్లే’ అంటుంది.

అందుకే నా లెక్కల పట్టిక చేతికొచ్చినవాళ్లకు ఒక మనవి. లెక్క ఒక్కటే చూడకండి. ఏ వేగంతో లెక్కపెట్టాను, బ్లాంక్‌లో ఎన్ని వచ్చాయి, పలచన చేస్తే ఏమైంది అని అడగండి. జవాబు లేకపోతే పట్టిక తిప్పి పంపండి.