లైన్లో గచ్చు

ముప్పై ఏళ్లు రాజమండ్రిలో ఆఫీసులకీ లాడ్జీలకీ ఈపీఏబీఎక్స్ పెట్టెలు బిగించి, క్రోన్ బాక్సుల్లో పెయిర్లు పంచ్ చేసుకుంటూ బతికినవాణ్ణి. యాభై రెండో ఏట ఇంటర్నెట్ ఫోన్లు నేర్చుకోవలసి వచ్చింది. పాత కంప్యూటర్లో ఆస్టరిస్క్ ఎక్కించి, ఇంట్లోనే మూడు ఎక్స్‌టెన్షన్లు పెట్టుకున్నాను. రాత్రిళ్లు మా అమ్మాయి పాఠం చెప్పేది. కాల్ కలిపేది సిప్, మాట మోసేది ఆర్‌టీపీ, రెండూ వేరువేరు దారుల్లో పోతాయని బుర్రకెక్కడానికే నెల పట్టింది. ఫోను మోగుతుంది, ఎత్తుతారు, ఒక్కవైపే వినపడుతుంది. పిలుపు చేరింది, మాట రూటర్ దగ్గర చిక్కుకుంది!

మొదట దొరికిన పని ఒక పిల్లల ఆస్పత్రి, 24 ఫోన్లు. వారం తిరక్కుండా ఫిర్యాదు: "కాల్స్ మధ్యలో కట్ అయిపోతున్నాయండీ." లాగ్ చూస్తే ఏ కాలూ తెగలేదు. పెట్టేస్తున్నది మనుషులే. రిసెప్షన్ అమ్మాయి రిజిస్టరు తిరగేస్తూ పది సెకన్లు ఊరుకుంటే, అవతల పిల్లాడి తల్లి రెండుసార్లు "హలో, హలో" అని పెట్టేస్తోంది.

తప్పు నాదే. బ్యాండ్‌విడ్త్ మిగులుతుందని ఫోన్లలో మాట ఉందో లేదో కనిపెట్టే వీఏడీ అనే మీట ఆన్ చేశాను. మాట ఉన్నంతసేపూ సెకనుకి 50 ప్యాకెట్లు పోతాయి, మాట ఆగితే ఫోను పంపడం మానేస్తుంది. దానికి జోడుగా సీఎన్‌జీ అని ఇంకో మీట ఉంది. ఆటోల్లో పోసే గ్యాసు కదా అని నవ్వుకుని వదిలేశాను. కంఫర్ట్ నాయిసట. అవతలివాళ్లు ఊరుకున్నప్పుడు, వింటున్న ఫోనే సన్నగా హుస్సుమని చప్పుడు పుట్టించి చెవిలో పోస్తుంది. అవతల నుంచి వచ్చేది ఆ హుస్సు ఎంతుండాలో చెప్పే కొలత, మహా అయితే దాని తీరు. 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3389 అని దీనికో పద్ధతి కూడా రాసిపెట్టారు.

అది చదువుతుంటే నాన్న గుర్తొచ్చారు. సంస్కృత పాఠశాలలో తర్కసంగ్రహం చెప్పేవారు. అది రాసిన అన్నంభట్టు పదార్థాలు ఏడని లెక్కపెట్టి, చివరిది అభావమన్నాడు. లేకపోవడం కూడా ఒక పదార్థమేనా అని నాకు నవ్వొచ్చేది. నాన్న గచ్చు చూపించి, "ఇక్కడ చెంబుందిట్రా? లేదు. లేదని ఎలా తెలిసింది? గచ్చు కనపడుతోంది గనక. చీకట్లో అడిగితే లేదనగలవా?" అనేవారు.

ఆస్పత్రిలో నేను పీకేసింది ఆ గచ్చునే. పాత తీగల్లో ఎప్పుడూ సన్నటి బుస ఉండేది. దాన్ని తగ్గించడానికి బతుకంతా జాయింట్లు గీకాను. అదే లేకపోయేసరికి, ఆ తల్లికి మాట లేదని తెలియలేదు, మనిషే లేదని తోచింది.

ప్రాభాకరులనే మీమాంసకులు నాన్నతో ఒప్పుకోరు. అభావమని విడిగా ఏదీ లేదు, చెంబు లేకపోవడమంటే వట్టి గచ్చే అంటారు. నాన్న వాళ్లతో గంటలకొద్దీ వాదించేవారు, ఎదుట ఒక్క ప్రాభాకరుడూ లేకపోయినా. ఫోను దగ్గర నాకు వాళ్ల మాటే నచ్చింది. లైన్లో నేను వినే నిశ్శబ్దం ఆ హుస్సే.

అయితే సీఎన్‌జీ పరిచే గచ్చు అవతలి ఇంటిది కాదే! నా ఫోను నా చెవి కిందే గీసిపెట్టిన బొమ్మ గచ్చు. అవతల నెట్టు పోయినా ప్యాకెట్లు రావు, మనిషి ఊరుకున్నా రావు. రెంటికీ నా ఫోను కాసేపు ఒకేలా హుస్సుమంటూ ఉండగలదు. "కంగారు తగ్గుతుంది కదా నాన్నా, తప్పేముంది?" అంది మా అమ్మాయి. తప్పని నేనూ అనలేకపోయాను. కానీ బిడ్డకి జ్వరమని చేసిన ఫోనులో, ఎవరూ లేని చోట ఉన్నారనిపించే చప్పుడు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

లెక్క వేశాను. మాటని ప్యాకెట్లుగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక్కో కాలుకి ఒక్కో వైపు సెకనుకి సుమారు 87 కిలోబిట్లు. ఒకేసారి 8 కాల్స్ నడిచినా 700 దాటదు. ఫైబర్ లైనుకి అదో బరువా? వీఏడీ తీసేశాను.

చూద్దామని రిసెప్షన్‌కి ఫోను చేసి, "ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకమ్మా, పెట్టెయ్యకు" అన్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో పసివాడు సన్నగా రాగం తీస్తున్నాడు. బరువు చూసే మిషను మీదకి ఎవర్నో ఎక్కించినట్టున్నారు, రేకు చప్పుడు. ఆ పిల్ల ఊపిరి కూడా వినపడుతోంది.

"ఇంకా ఎంతసేపండీ?" అంది.